మూడు చిల్లుల ముంత

ఎండాకాలం జమ్మలమడుగులో వాకిట్లో బండల మీద కాలు పెడితే బొబ్బ లేస్తుంది. అలాంటి ఊళ్ళో కూర్చుని నేను ఊలు మేజోళ్ళు అల్లాను. ఒక నెలా, రెండు నెలలా? మూడేళ్ళు అల్లాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరు కావాలంటే సర్కారువారి చేతిపనుల పరీక్ష ప్యాసు కావాలి. అందులో కుట్టు ఉంది, ఎంబ్రాయిడరీ ఉంది, చివర ఊలు అల్లిక ఉంది. కడప జిల్లాలో ఊలు ఎవరికి కావాలో ఆ పరీక్ష పెట్టిన మహానుభావుడికే తెలియాలి. ఏ ఊటీలోనో దుప్పటి కప్పుకుని రాసి ఉంటాడు. పరీక్షాధికారిణి ఎదుట కూర్చుని, మూడు గంటల్లో, చంటిబిడ్డకు తెల్ల ఊలుతో మేజోడు అల్లాలి. ఒక కాలికి చాలు.

పులివెందులలో ఆడపిల్లల బడికి కుట్టుపని టీచరు దొరక్క ఆ కుర్చీ ఖాళీగా ఉందని ప్రొద్దుటూరులో నాకు పని నేర్పిన టీచరమ్మ చెప్పింది. ఆ కుర్చీ మీద నాకు ప్రాణం. ఎందుకో చెబుతాను. మా నాన్న పురోహితుడే, కానీ పెళ్ళిళ్ళు చేయించే పురోహితుడు కాదు. అపరం చేయించేవాడు, అంటే పోయినవాళ్ళకు కర్మలు చేయించేవాడు. పొద్దున్నే ఆయన ఎదురొస్తే జనం మొహం తిప్పుకుని, చెప్పులు విడిచి మళ్ళీ తొడుక్కుని పోయేవాళ్ళు. ఆయన కూతురిని కాబట్టి నేను ఎదురొచ్చినా అంతే. టీచరమ్మ ఎదురొస్తే మాత్రం ఎంతటివాడైనా ఆగి నమస్కారం పెడతాడు. నాకు ఆ నమస్కారం కావాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

మొదటిసారి పరీక్షలో ఆదిలోనే హంసపాదు. ఊలు ఉండ ఒళ్ళోంచి ఎగిరి దూకింది. దారం లాగేకొద్దీ అది బెంచీల కింద దొర్లుకుంటూ, ప్రొద్దుటూరు దుమ్మంతా ఒంటికి పూసుకుంటూ తలుపు దాకా పోయింది. దాన్ని పట్టుకుని వెనక్కి తెచ్చేసరికి తెల్ల ఊలు కాస్తా గోనెసంచి రంగుకు తిరిగింది. పరీక్షాధికారిణి నా మేజోడును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"ఇది దిద్దమంటావా, ఉతకమంటావా?" అంది.

పోయింది పరీక్ష. ఆ ఏడాదంతా నాకు ఒకటే ధ్యాస. ఉండ దొర్లకూడదు. మా ఇంట్లో పేడతో అలికిన నేల. ఉండ కింద పడితే ఇక చెప్పనక్కర్లేదు. ఇత్తడి చెంబులో వేశాను. మూతి ఇరుకు, ఉండ లోపల తిరగదు. కంచు గిన్నెలో వేశాను. దారం లాగినప్పుడల్లా గిన్నె నా వెంటే నడుచుకుంటూ వచ్చింది. వెదురు బుట్టలో వేస్తే పుల్లలకు దారం తగులుకుని పీచు లేచింది. చివరికి ఆవకాయ జాడీ ఖాళీ అయితే అందులో వేశాను. అమ్మ మడి మడి అని అరుస్తుందనుకున్నాను. ఊలుకు మైల లేదు కాబట్టి ఏమీ అనలేదు. కానీ ఉండ మాత్రం ఎర్రగా, ఘాటుగా బయటికొచ్చింది. ఎన్నిసార్లు ఉతికినా దాని దగ్గర తుమ్ములే.

మా టీచరమ్మ దగ్గర ఒక పింగాణీ గిన్నె ఉండేది. ఎవరో దొరసాని ఇచ్చి పోయిందట. బరువుగా, నున్నగా ఉండేది, పక్కన మూడు చిల్లులు. దారం చిల్లులోంచి బయటికి వస్తుంటే ఉండ లోపల బుద్ధిగా తిరిగేది. ఆవిడ దాన్ని ఒకరి చేతికి ఇవ్వదు. సరే, పింగాణీ కాకపోతే మట్టి, దొరసాని కాకపోతే కుమ్మరి అనుకున్నాను. రెండో పరీక్ష ఇంకా పది రోజులుందనగా మా ఊళ్ళో కుమ్మరి తాత దగ్గరికి పోయాను. మా నాన్న చేయించే కర్మలకు కుండలన్నీ ఆయన దగ్గరివే.

"తాతా, నాకొక ముంత కావాల."

"ఇన్ని ఉండాయి గదమ్మా, తీసుకో."

"ఇవి గాదు. పక్కన చిల్లులుండాల. మూడు."

సారె మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "చిల్లులు ఆడికి పోయినాక పెట్టుకుంటారు గదమ్మా. మేం పెట్టియ్యం."

ఆడ అంటే ప్రొద్దుటూరు అనుకున్నాను నేను. "ఆడ పెట్టేదానికి ఎవురుండారు తాతా? ఈడ్నించే పెట్టుకొని పోవాల."

"ఎవురికి తల్లీ?"

"నాకే."

"నీకా!"

"నాకే. పోయినేడు ఇది లేకనే గదా నా కొంప మునిగింది. పైవారం బేస్తవారానికి కావాల. ఆ ఒక్కపూట గడిస్తే సాలు, పీడ విరగడైపోతాది. నాకూ, ఇంట్లోవాళ్ళకూ. మా అమ్మతో మాత్రం అనొద్దు." మట్టిముంతకు దుడ్లు తగలేశావని అమ్మ సాధిస్తుందని నా భయం.

ఆయన నా మొహం వంక అదోలా చూసి, అట్లనేలే తల్లీ అన్నాడు. నేను సంతోషంగా ఇంటికొచ్చి చెంబు తీసుకుని బావి దగ్గరికి పోయాను. తిరిగొచ్చేసరికి అమ్మ నడవలో కూర్చుని ఉంది. నా అల్లిక సూదులు ఆమె బొడ్లో ఉన్నాయి.

"ఊలూ లేదు, సూదులూ లేవు. పరీక్షకు పోబళ్ళేదు," అంది.

ఎందుకో చెప్పదు. అరిచాను, ఏడ్చాను, అన్నం మానేస్తానన్నాను. అన్నం మాట ఎత్తగానే ఆమె మొహం పాలిపోయింది. అప్పటినుంచి నన్ను వదిలితే ఒట్టు. బావికి పోతే బావికి, పెరట్లోకి పోతే పెరట్లోకి. కూరగాయలు తరిగే కత్తిపీట కనపడకుండా పోయింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇలా నాలుగు రోజులు. మా నాన్న లింగాలలో ఎవరివో కర్మలు చేయించడానికి పోయి ఉన్నాడు, అడగడానికి ఇంకో మనిషి లేడు.

అయిదో రోజు ఆయన వచ్చాడు. అమ్మ ఆయన్ని లోపలికి తీసుకుపోయి ఏదో గుసగుసలాడింది. ఆయన బయటికొచ్చి నా ఎదురుగా పీట వాల్చుకున్నాడు.

"చిల్లుల కుండ ఎందుకడిగినావు?"

"ఊలు ఉండ వేసుకునేదానికి. దారం చిల్లులో నుంచి వచ్చేదానికి."

 ఆయన మెల్లగా చెప్పాడు. కాటి దగ్గర కర్త నీళ్ళకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతాడు. తిరిగిన ప్రతిసారీ కుండకు ఒక చిల్లు పెడతారు. మూడు చుట్లు, మూడు చిల్లులు. ఆఖరున కుండను వెనక్కి వదిలేసి పగలగొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాడు.

"ఆ కుండ నీకే కావాలన్నావంట. బేస్తవారానికి పీడ విరగడైపోతాదన్నావంట. ఆ ముసలాయప్ప సారె ఆపేసి పరిగెత్తుకొచ్చినాడు మీ అమ్మ దగ్గరికి. పరీక్ష పోయిందని నువ్వేమన్నా చేసుకుంటావేమోనని."

అపరం చేయించేవాడి కూతురినై ఉండి నాకు తట్టలేదు చూడండి! ఆడవాళ్ళం కాటికి పోము, చూసింది లేదు. ఆ మాటలు ఇంట్లో ఎన్నిసార్లు వినపడినా చెవిన పెట్టింది లేదు. సిగ్గుతో చచ్చాను. ఆ సిగ్గులోంచి కోపం తన్నుకొచ్చి అమ్మ మీద పడ్డాను.

"నన్నొక్క మాట అడగొచ్చు గదా! నాలుగు దినాలు పోయె! ఇంగ యాడ అల్లేది, యాడ నేర్చేది?"

"అడిగితే చెప్తారా అట్లా పోయేవాళ్ళు?" అంది అమ్మ. "ఈసారీ పరీక్ష పోయిందనుకో. ఏం చేస్తావు?"

"ఏం చేస్తా? తల గోడకేసి కొట్టుకొని మళ్ళా రాస్తా."

"అంతేనా?"

"అంతే."

"ఆ మాట ముందే చెప్పి చావొచ్చు గదే!" అనేసి నాలుక కరుచుకుంది. బొడ్లోంచి సూదులు తీసి నా ఒళ్ళో పడేసింది.

అమ్మా నేనూ కుమ్మరి తాత దగ్గరికి పోయాం. ఆయన సంగతంతా విని, "ముసిలి పానం తల్లీ, ఆ దినం కూడు దిగలే నాకు," అని నన్ను బాగా తిట్టాడు. తిట్టించుకున్నాను, న్యాయమే. కానీ చిల్లు మాత్రం పెట్టనన్నాడు. దారానికైనా పెట్టడు, దేవుడికైనా పెట్టడు. వాళ్ళ నాయన పెట్టలేదు, తాత పెట్టలేదు. నాకు మళ్ళీ నెత్తిన అగ్గి పడ్డట్టయింది. కుమ్మరి ఆవంలో ఇత్తడి ముంత వెతకడమంటే ఇదేనేమో అనుకుని లేచి నిలబడ్డాను. అమ్మ లేవలేదు. ఎండకు ఆరబెట్టిన ప్రమిదల వంక చూస్తోంది.

"వత్తికి మూతి లాగుతావు గదప్పా దీనికి. ముంతంత లోతు చేసి, అట్లాంటి మూతి పెట్టు. దారం ఆడ్నించి వస్తాది. చిల్లు ఎందుకు?"

తాత ప్రమిద ఒకటి తీసి తిప్పి చూశాడు. "దీపానికయితే తప్పేముంది!" అన్నాడు.

మూడు చేశాడు. రెండు ఆవంలో కాలేటప్పుడే పగిలాయి. మిగిలింది ఒకటి, అదీ కాస్త వంకర. కింద పెడితే ఊగుతుంది. అడుగును బండ మీద రుద్ది రుద్ది నిలబెట్టాడు. లోపల గులకరాయితో నున్నగా తోమాడు. ఇంటికి తెచ్చి పాత ఉండ ఒకటి వేసి పది వరసలు అల్లి చూద్దును గదా, ఊలుకు ఎర్రమన్ను! ఆ క్షణాన దాన్ని వీధిలోకి విసిరేయాలనిపించింది. అమ్మ దాన్ని తీసుకుపోయి కొత్త కుండకు పట్టించినట్టు గంజి పట్టించింది. ఒకసారి పట్టించి ఆరబెట్టింది, ఇంకోసారి, మరోసారి. మూడో గంజి తాగాక తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే వచ్చింది. అప్పటికి పరీక్ష రేపు.

ప్రొద్దుటూరు బస్సులో ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని అమ్మ కూడా వచ్చింది. మూడు గంటలూ బడి గోడ నీడలో కూర్చుంది. లోపల ఉండ ఎక్కడికీ పోలేదు. దీపం మూతిలోంచి దారం వత్తిలా బయటికొస్తుంటే లోపల గుండ్రంగా తిరుగుతూ ఉంది. ఇదేమిటని పరీక్షాధికారిణి వచ్చి చూసింది, బాగుందంది. మేజోడు తెల్లగా మల్లెపువ్వులా దిగింది. దాని జత ముందే ఇంట్లో అల్లి పెట్టుకున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి ఉంటే అచ్చు ఒకటే అనేవాళ్ళు. ఇంక పులివెందులకు పోవడమే తరువాయి అనుకున్నాను.

నెలన్నర తర్వాత టీచరమ్మ దగ్గరినుంచి కార్డు వచ్చింది. ప్యాసైనవాళ్ళలో నా నంబరు లేదు.

లేదు! ఇంత చేస్తే లేదు! కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అంటారు. కుమ్మరి ఏడాది కష్టానికి దుడ్డుకర్ర దెబ్బ ఒక్కటి చాలు, నా ఏడాది పనికి ఆ కార్డు ఒక్కటి చాలింది. కళ్ళు కనపడలేదు. నడవలో ఉన్న గిన్నెను రెండు చేతులా ఎత్తి, వాకిట్లో బండకేసి కొట్టబోయాను. అమ్మ ఎక్కడినుంచి వచ్చిందో, గిన్నెను పొట్టకు అదుముకుని పట్టుకుంది. ఇద్దరం లాక్కున్నాం. నాకంటే ఆమెకు బలం ఎక్కువని ఆరోజే తెలిసింది.

"వదులు! కుండ పగలగొట్టినోళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా పోవల్ల," అంది ఆయాసపడుతూ. "నువ్వు వెనక్కి తిరిగి చూడాల్సింది చానా ఉంది. ఆ రెండో మేజోడు ఇంట్లోనే ఉండాది గదా. దాన్ని చూడు. తప్పు యాడుందో చూడు."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుపు అయిపోయాక మేజోడు తెచ్చుకుని, చివరినుంచి ఒక్కో వరసే విప్పుకుంటూ వెనక్కి పోయాను. విప్పిన దారం అమ్మ ఉండ చుట్టి గిన్నెలో వేస్తోంది. మడమ దగ్గరికి వచ్చేసరికి తెలిసింది. అక్కడ రెండు కుట్లు ఎత్తుకోకుండా వదిలేశాను. ఉండ దొర్లకుండా చూసుకోవడంలో పడి, ఏడాది పొడుగునా ప్రతి మేజోడుకూ అదే తప్పు చేస్తూ వచ్చాను. తొడిగితే పాపకు కాలు పట్టదు. తెల్లగా ఉంటే మాత్రం ఏం లాభం?

మరుసటి ఏడాదికి రాష్ట్రం మారింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. నేను మాత్రం అదే మేజోడు దగ్గర ఉన్నాను. ఈసారి ప్యాసయ్యాను.

పులివెందులలో బస్సు దిగి బడికి నడిచిపోతున్నాను. ట్రంకుపెట్టె కూలి మనిషి నెత్తి మీద ఉంది. గిన్నెను మాత్రం ఎవరికీ ఇవ్వబుద్ధి కాక నేనే రెండు చేతులతో పట్టుకున్నాను. ఎదురుగా తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వస్తున్నాడు. మొహం తిప్పుకుంటాడేమోనని పాత అలవాటు కొద్దీ నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన ఆగాడు.

"కొత్త టీచరమ్మవా తల్లీ?" అని రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు.

మూడేళ్ళు నేను దేనికోసం ఏడ్చానో అదే ఎదురుగా నిలబడింది. నా రెండు చేతులూ గిన్నెకే సరిపోయాయి. గిన్నె ఎక్కడ దించాలా అని చూసేలోపే ఆయన వెళ్ళిపోయాడు. తిరిగి నమస్కారం పెట్టలేకపోయాను.