పుట్టగొడుగులూ మా అమ్మ మోకాళ్ళూ

అడగకుండానే రోజూ ఎండనిచ్చే ప్రభువుకు ముందుగా స్తోత్రం. ఆ రోజుల్లో ఆ ఎండ గురించి ఆయన కంటే నాకే ఎక్కువ తెలుసనుకునేదాన్ని (క్షమించాడు, అది వేరే సంగతి). ఆహార శాస్త్రం చదివి, రాజమండ్రి దగ్గర పుట్టగొడుగులు పెంచేచోట కొత్తగా ఉద్యోగంలో చేరాను. పొద్దున్నే చీకటి షెడ్డులోకి వెళ్తే మళ్ళీ సాయంత్రానికే బయటపడేదాన్ని. పుట్టగొడుగును ఎండలో పెడితే అందులోని ఒక పదార్థం విటమిన్ డిగా మారుతుందని అక్కడ తెలిశాక, ఇంట్లో నా నోరు మూతపడలేదు.

అప్పటికి అమ్మకు మోకాళ్ళ నొప్పులు. విటమిన్ డి బాగా తక్కువుందని డాక్టరమ్మగారు చెప్పారు. మా చర్చిలో ప్రభువు బల్ల ముందు మోకరించి రొట్టె తీసుకుంటాం. ఏడాదిగా అమ్మ ఒక్కతే నిలబడి తీసుకుంటోంది. ఇంటికొచ్చి, "ఆయన ముందు కర్రలా నిలబడ్డానే" అని కళ్ళు తుడుచుకునేది. ఈస్టరుకల్లా మోకరించేలా చేస్తానని మాటిచ్చాను. మాత్రలు రాస్తానన్న డాక్టరమ్మగారిని నలభై రోజులు ఆగమని, పోలికకు నా రక్తం కూడా ఇచ్చి వచ్చాను.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు ఉపవాస దినాల్లో మా ఇంట్లో నీచు వండరు కాబట్టి నలభై రోజులూ పుట్టగొడుగుల కూరే. ముక్కలు కోసి డాబా మీద ఎండబెడితే, కాకులు తన్నుకుపోకుండా పూటంతా అమ్మ కాపలా. గొడుగు వేసుకోమంటే, ముక్కల మీద దాని నీడ పడి నా మందు పాడవుతుందేమోనని వద్దనేది.

ఈస్టరు ముందు ఇద్దరం మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చాం. ఈస్టరు రోజున అమ్మ బల్ల ముందు మోకరించింది. ఇంకేం, రిపోర్టు కూడా రాకముందే సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పాను. అందులో దేవుడి పేరు ఒక్కసారి, పుట్టగొడుగు పేరు లెక్కలేనన్నిసార్లు వచ్చాయి. మధ్యలో అమ్మ రెండుసార్లు నా చీర చెంగు లాగింది. ఇంకా చెప్పమంటోందనుకున్నాను.

మర్నాడు డాక్టరమ్మగారు ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"ఎండబెట్టిన పుట్టగొడుగులో ఉండేది డి2, అమ్మాయ్. ఎండకు మన చర్మంలో తయారయ్యేది డి3. మీ అమ్మగారికి డి3 బాగా పెరిగింది, డి2 ఆనవాలే లేదు. నీకేమో డి2 దండిగా ఉంది, ఉన్న డి3 కాస్తా తగ్గింది. డి2 ఎక్కువగా తింటే కొందరిలో అలా అవుతుంది. పైగా నువ్వు ఎండ మొహం చూడవాయె. ఇంతకీ ఆవిడ తిన్నదేంటి?"

అమ్మ కుచ్చిళ్ళు సర్దుకుంది. "నమిలితే అచ్చం మాంసంలా ఉందండి. ఉపవాసం చెడుతుందని భయమేసి, నా వాటా దీని కూరలోనే కలిపేసేదాన్ని. చెబితే మనసు కష్టపెట్టుకుంటుందని ఊరుకున్నాను."

ఆటోలో వస్తుంటే అమ్మ తొమ్మిదో ఆజ్ఞ గుర్తుచేసింది, అబద్ధ సాక్ష్యం చెప్పవద్దని. తెలియక చెప్పినది అబద్ధ సాక్ష్యం కాదని వాదించాను. తెలిశాక ఊరుకుంటే అవుతుందంది. "వచ్చే ఆదివారం నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్పాను. "పుట్టగొడుగులు తిన్నది నేను. ఎండలో కూర్చున్నది అమ్మ. మహిమ దేవునిది." అంతే, కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పుస్తకం మాత్రం కదులుతూనే ఉంది.

ఇప్పుడు నా మోకాళ్ళూ నొప్పెడుతున్నాయి. పొద్దున్నే డాబా ఎక్కి ఊరికే కూర్చుంటాను. కాకులు వచ్చి, ఏమీ లేదని చూసుకుని వెళ్ళిపోతాయి. ప్రియమైనవారలారా, మీరూ నాతో ఒక్క మాట ప్రార్థించండి: ప్రభువా, మోకాళ్ళు నువ్వు చూసుకో. రిపోర్టు వచ్చేదాకా నా నోటిని మాత్రం కాస్త పట్టుకో. ఆమేన్.