‘అందింది’ అనే జవాబు

మోడెం పెదనాన్న సాధించిన మొదటి ఘనకార్యం, టెలిఫోను తీగ మీదుగా తన కంప్యూటరుతో గడియారాల మేస్త్రి కంప్యూటరును మాట్లాడించడం. దానికోసం ఏడాదంతా కుస్తీ పట్టాడు. ఆ కథ చెప్పేటప్పుడల్లా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని మీసం దువ్వుకుంటాడు.

అలా ఆరిళ్ల కంప్యూటర్లు తీగతో కలిశాక, కబుర్లు పంపే పద్ధతేదో తేల్చాల్సి వచ్చింది.

"కబురు చేరగానే ‘అందింది’ అని జవాబొచ్చే పద్ధతి పెడదాం పెదనాన్నా," అంది తమ్ముడి కూతురు.

"నేను కలిపిన తీగలో కబురు అందకపోవడమా! ఆ జవాబుల కోసం కాచుక్కూచుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందే," అని కొట్టిపారేశాడు.

మొన్న మేస్త్రి భార్యకు నొప్పులొచ్చాయి. కారు తెమ్మని తమ్ముడి కూతురికి మేస్త్రి పంపిన కబురు దారిలోనే గల్లంతయింది. పెదనాన్న మీద నమ్మకంతో అతను మళ్లీ ఫోనైనా చేయకుండా గుమ్మంలో ఎదురుచూశాడు. చివరికి దారిన పోయే వ్యాను ఆపి తీసుకెళ్లారు. తల్లీబిడ్డా క్షేమం.

"పోనీలే అన్నయ్యా, ఏం కాలేదుగా," అన్నాడు మేస్త్రి. తిట్టినా బాగుండేదనిపించింది పెదనాన్నకు.

మర్నాడు ఆరిళ్లలోనూ ‘అందింది’ పద్ధతి తనే పెట్టి, మొహం చెల్లక చెల్లెలింటికి ప్రయాణమయ్యాడు. వెళ్లేముందు అందరికీ ఒక్క ముక్క పంపి, జవాబులన్నీ వచ్చేదాకా చెప్పులేసుకునే కుర్చీ అంచున కూర్చున్నాడు: "మార్చి పదో తేదీకి వస్తాను."