కూత నేర్పిన మా డ్రిల్లు టీచరమ్మ

మన చోడవరం స్కూల్లో చదువుకున్న అక్కచెల్లెళ్ళకీ, ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకీ నమస్కారాలు. ముందుగా నా రాతకి క్షమించండి. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ తికమకే. పెళ్ళయ్యేక ఇంత రాయడం ఇదే మొదలు. అక్షరాలు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ వస్తున్నాయి, వరసలేమో కొండెక్కుతున్నట్టు పైకి పోతున్నాయి.

మన డ్రిల్లు టీచరమ్మగారు పోయేరన్న కబురు మొన్న మా ఆయన తెచ్చేరు. ఆయన చోడవరం పంచదార ఫ్యాక్టరీలో పని చేస్తారు. డ్యూటీ దిగి మా ఊరు వడ్డాది వచ్చి, సైకిలుకి స్టాండు కూడా వెయ్యకుండా, "ఇదిగో, మీ డ్రిల్లు టీచరమ్మ పోయిందట. నిద్దట్లోనే పోయిందట" అన్నారు. నేను బియ్యం చెరుగుతున్నాను. చేట కింద పెట్టి, ఊపిరి కడుపు నిండా తీసుకుని మెల్లగా వదిలేను. గుండె అదిరినప్పుడు ముందు ఊపిరి సరిచేసుకోమని నేర్పింది ఆవిడే. ఆ తరవాత ఏడ్చేను.

ఆదివారం స్కూల్లో సభ పెడుతున్నారనీ, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు నాలుగు మాటలు చెప్పాలనీ కబురంపేరు. అంతమందిలో నిలబడి మాట్లాడడం నా వల్ల కాదు. అందుకని రాసి మా ఆయనతో పంపిస్తున్నాను. ఎవరైనా చదివి వినిపించండి.

ఆవిడ మన స్కూలుకి వచ్చిన ఏడు నేను ఆరో తరగతి. అంతవరకూ ఆడపిల్లలకి డ్రిల్లు పీరియడంటే నీడన కూర్చుని ఒకరి తలలో ఒకరు పేలు చూసుకోవడమే. ఆవిడ చీర కొంగు నడుంలో దోపుకుని, మెడలో విజిలుతో, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లతో వచ్చేరు. చీర కింద ఆ బూట్లు చూసి మేము కిసుక్కుమని నవ్వేము.

"నవ్వండర్రా, నవ్వితే ఆరోగ్యమే. ఆ గేటు దాకా పరిగెత్తి, వెనక్కొచ్చి మళ్ళీ నవ్వండి, చూస్తాను" అన్నారు.

తిరిగొచ్చేసరికి నవ్వడానికి ఒక్కరికీ ఊపిరి లేదు. నేను గ్రౌండు గట్టునే కూలబడిపోయేను.

"ఏటర్రా, ఈ వయసుకే మామ్మలైపోయేరా?" అని ఈసారి ఆవిడ నవ్వేరు.

ఆవిడ ఆరోగ్యం పాఠం పుస్తకంలోంచి చెప్పగా నేను చూడలేదు. ఎదురుపడిన పిల్లనల్లా ఆపి, బొటనవేలితో కంటి కింద రెప్ప లాగి చూసేవారు. తెల్లగా ఉంటే, "పొద్దున్న ఏటి తిన్నావు?" అని అడిగేవారు. "కాఫీ అండి" అంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "ఊరి పేరులోనే చోడి పెట్టుకుని కాఫీ నీళ్ళకి ఎగబడతారేటే! చోడి అంబలి, అదే రాగి జావ, తాగు. తోటకూర తిను. ఎల్లుండి మళ్ళీ చూస్తాను." మరిచిపోయేవారు కాదు, చూసేవారు. ప్రతి నెలా ఆడపిల్లలకి వచ్చే ఇబ్బంది గురించి కూడా తలుపేసి మాకు విడమరిచి చెప్పేరు. అది జబ్బు కాదని మాకు మొదట చెప్పింది ఆవిడే. ఆ సంగతి ఇంతకన్నా రాయడానికి సిగ్గుగా ఉంది, ఆడవాళ్ళు అర్థం చేసుకుంటారు.

ఎవరైనా ఒంగిపోయి నడిస్తే వీపు మీద చరిచి, "గాలి పీల్చడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదే" అనేవారు.

ఏడో తరగతిలో నన్ను కబడ్డీ జట్టులోకి తీసుకున్నారు. నా కాళ్ళు చురుకు, కాని కూత లేదు. అవతలి జట్టు వేపు వెళ్ళిన మనిషి ఒక్క ఊపిరితో కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి కదా, అదే కూత. అంపైరుకి కూత వినపడకపోతే ఎంతమందిని ముట్టుకొచ్చినా ఔటే. నేను వెళ్ళేదాన్ని, ముట్టుకునేదాన్ని, వచ్చేసేదాన్ని. ప్రతిసారీ ఔటు.

మా ఇంట్లో కూత అంటే తిట్టు. ఆడపిల్ల గొంతు కాస్త లేస్తే చాలు, "ఏటా కూతలు!" అని కసిరేవాడు నాన్న. మాది చెరుకు సేద్యం. ఫ్యాక్టరీకి బండి తోలుకుంటూ స్కూలు పక్క రోడ్డు మీంచే వెళ్ళేవాడు. ఆట సంగతి తెలిసిన రోజున, "ఆడితే ఆడు. నీ గొంతు రోడ్డు మీదకి వినపడిందా, ఆ రోజుతో బడి సరి" అనేసేడు. నాన్న అన్నాడంటే అన్నట్టే. నాకేమో బడి ప్రాణం. అందుకని పెదాలతోనే ఆడేదాన్ని.

టీచరమ్మగారు ఒకరోజు పక్కకి పిలిచి అడిగితే చెప్పేను. ఆవిడ నాన్నని ఒక్క మాట అనలేదు. "నీ కాళ్ళు మైదానమంతా తిరిగొస్తన్నాయి గాని, నీ గొంతు మీ ఇంట్లోనే ఉండిపోయిందే" అన్నారు.

ఆనాటి నుంచి బడి విడిచేక నన్ను ఉంచేసేవారు. చెరుకు బళ్ళు వరసకట్టి వెళ్ళే వేళ అది. ఎడ్ల మువ్వలూ, ఇరుసుల కీచులూ, బండివాళ్ళ అదిలింపులూ కలిసి గోలగోలగా ఉండేది. ఆ గోలలో నా గొంతు ఎవరికీ తెలియదని ధైర్యం చెప్పి కూత పెట్టించేవారు. తను ఎదురుగా నిలబడి, వినపడితే చెయ్యెత్తేవారు. రోజురోజుకీ ఇంకాస్త దూరం జరిగేవారు. ఛాతీ నుంచి కాదే, పొట్ట నుంచి తియ్యి అని అక్కణ్ణుంచి కేకేసేవారు. కొన్నాళ్ళకి బళ్ళ చప్పుడు దాటుకుని నా కూత ఆవిడ దాకా వెళ్ళింది. కాని అందరి ఎదుటా ఆడితే మళ్ళీ పెదాలే.

చలికాలంలో మాడుగుల పిల్లలు మన గ్రౌండుకి ఆడడానికి వచ్చేరు. గెలిచినా ఓడినా కలిసి తిందామని హల్వా పొట్లాలు కూడా తెచ్చేరు. జనం తాళ్ళ మీద పడిపోతున్నారు. రోడ్డు మీద చెరుకు బళ్ళు కూడా ఆగిపోయేయి. ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానం. ఇంక ఒక్క కూతకే టైముంది. అంతవరకూ వెళ్ళొచ్చిన మా కెప్టెన్ మడమ బెణికి కూర్చుంది.

"నువ్వెళ్ళు" అన్నారు టీచరమ్మగారు నాతో.

తలెత్తేసరికి రోడ్డు మీద మా బండి. చెరుకు మీద నిలబడి నాన్న చూస్తున్నాడు. నోరు విప్పితే బడి పోతుంది, విప్పకపోతే ఆట పోతుంది. ఆవిడా నాన్నని చూసేరు. నా దగ్గరకొచ్చి, నడుముకి కట్టిన వోణీ ముడి బిగిస్తూ, "బడి మాన్పిస్తానంటే మీ నాన్నతో మాటాడ్డం నా పని. కూత నీ పని. ఎల్లు" అన్నారు.

గీత దాటేను. పొట్టలోంచి ఏదో లేచింది. కబడ్డీ కబడ్డీ అంటున్న ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. జనం గోల ఆగిపోయింది, నా కూత ఒక్కటే ఉంది. చివరనున్న పిల్ల భుజం తాకేను. తిరిగేలోగా ఇద్దరు నా కాలు పట్టేసుకున్నారు. బోర్లా పడ్డాను. నోట్లోకి మట్టి పోయింది. అయినా కూత తెగలేదు. మట్టిలో పాకుతూ, కూస్తూ, చెయ్యి చాపేను. వేళ్ళు సున్నపు గీత మీద పడ్డాయి. విజిలు మోగింది.

మన పిల్లలు నన్ను ఎత్తేసేరు. ఆ పైనుంచి నాన్న కేసే చూస్తున్నాను. పక్క బండాయన, "ఎవల గుంటరా అది? ఏం కూత కూసిందిరా!" అన్నాడు.

నాన్న ఎడ్ల తాళ్ళు వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, "మా గుంటరా! ఆ కూత మా గుంటదే!" అని నాకన్నా గట్టిగా అరిచేడు. ఎడ్లు బెదిరి బండి కొంచెం ముందుకి పోయింది కూడా.

టీచరమ్మగారు ఆ సాయంత్రమే, అన్న మాట ప్రకారం మా ఇంటికొచ్చేరు. "ఏం బాబూ, పిల్లని బడి మాన్పిస్తావట?" అన్నారు.

"ఎవలమ్మా, ఎవలన్నారు?" అని నాన్న ఎంత అమాయకంగా అడిగేడంటే, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. పెళ్ళి కుదిరే దాకా నా చదువు సాగింది. అది ఆవిడ పెట్టిన భిక్షే.

ఆఖరిసారి ఆవిడని చోడవరం బస్టాండులో చూసేను. నా చంకలో పిల్ల. నమస్కారం పెట్టేలోగానే, అంతమంది ఎదుటా నా కంటి రెప్ప లాగి చూసేరు. "పర్వాలేదు, ఎర్రగానే ఉంది. అత్తారింట్లో నోరు విప్పుతన్నావా?" అని అడిగేరు. నేను తలూపేను. "తలూపితే వినపడదే. ఔటు!" అని విజిలు ఊదినట్టు నోటితో ఊది, బస్సెక్కిపోయేరు.

ఇక్కడి దాకా రాసి మా ఆయనకి చదివి వినిపించేను. "ఇన్నేళ్ళకి నీ గొంతు ఇంతసేపు విన్నాను. బాగుంది" అన్నారు. అప్పుడు నాకు తట్టింది. నా కూత నా బదులు ఇంకొకరు కూస్తే చెల్లుతుందా?

అందుకని ఆదివారం నేనే వస్తాను. వచ్చి, ఇదంతా నా నోటితో చెబుతాను. నా ముందు ఎవరు కూర్చున్నా సరే, పొట్టలోంచే తీస్తాను. మళ్ళీ వెనకడుగు వెయ్యకుండా ఈ కాగితం మీకు ముందే పంపేస్తున్నాను. చదివిన వెంటనే పొయ్యిలో పెట్టెయ్యండి, మీకు పుణ్యముంటుంది. అది ఉందంటే, ఆ వేళకి గొంతు పట్టేసి, చదవమని మీలో ఎవరి చేతికో ఇచ్చేసి కూర్చుండిపోతాను.