ఆలదార్ బావగారి బొటనవేలు

మా బస్తీలో ఏ రెండిళ్ళకు చెడినా ముందు కబురు వచ్చేది మా ఆలదార్ బావగారికే. ఆయన మా ఆయనకు స్వయానా అన్న. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. ఆ ఇంటికి ఎవరొచ్చారో, ఏ మొహంతో వచ్చి ఏ మొహంతో వెళ్ళారో నాకు తెలియకుండా పోదు. ఒకవేళ తెలియకపోతే వెళ్ళి అడుగుతాను.

బావగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. రాజీ చేయడానికి వెళ్తే గడప దగ్గర టోపీ తీస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు, పెట్టింది తింటారు. తింటూ వింటారు. తర్వాత రెండో ఇంటికి వెళ్ళి అక్కడా తింటారు. ఆ పైన రెండిళ్ళ వాళ్ళనూ తన ఇంటికి పిలిచి ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారు. నా తోటికోడలు ఎతెలక్క వడ్డిస్తుంది. ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు మళ్ళీ గొడ్డళ్ళు పట్టుకున్నారని, జనం జిప్సీలనే మా రోమాల్లో ఎక్కడా వినలేదు. ఆయన తండ్రీ ఇంతే చేశాడట. బావగారు మాత్రం ఈ పని కొషిత్సె నగరంలో నేర్చుకున్నానంటారు. పద్దెనిమిదేళ్ళకే ఇటుక పనికి అక్కడికి వెళ్ళారు. ఇప్పుడు జనం కాపురాలు చేస్తున్న ఆ ఎత్తు భవంతుల్లో ఆయన చేయి పడనివి తక్కువ. అక్కడి కూలీల హాస్టల్లో పొయ్యి దగ్గర మనవాళ్ళకూ గాజోలకూ, అంటే మనవాళ్ళు కాని తెల్లవాళ్ళకూ, కొట్లాట వచ్చిందట. బావగారు గాజోల బల్ల దగ్గరకెళ్ళి వాళ్ళ సూపు తాగేసరికి అందరూ నోరు మూసుకున్నారు. "కొట్లాట పెద్ద కష్టం కాదు జోలా, ఆ సూపే కష్టం," అంటారు నాతో ఇప్పటికీ.

మాలో ఒకరింట్లో పెట్టింది తినకపోతే ఆకలి లేదని ఎవరూ అనుకోరు. 'మీ ఇల్లు మైల, మీరు దెగేష్‌లు' అన్నట్టే లెక్క. గుర్రాన్నీ కుక్కనూ తిన్న వంశాన్ని దెగేష్ అంటారు. ఆ మాట నోటితో అంటే పళ్ళు రాలతాయి. పళ్ళెం పక్కకు నెట్టినా అంతే. అందుకే బావగారు జీవితమంతా ఎవరి పళ్ళెమూ నెట్టలేదు. పెట్టేదేమో పెద్దమనిషికి పెట్టే భోజనం. పంది కాలేయం, కాళ్ళు ఉడికించి గడ్డ కట్టించిన జావ, అన్నిటికంటే ముందు గోయా. పేగులు శుభ్రంగా కడిగి, తురిమిన బంగాళదుంపా రవ్వా కూరి, మార్జోరం ఆకు వేసి ఉడికిస్తారు. పక్కన బీరు.

ఒక వసంతంలో ఆయన కుడికాలి బొటనవేలు బీట్‌రూట్ దుంపలా ఎర్రబడి ఉబ్బింది. దుప్పటి అంచు తగిలినా అంత పెద్ద మనిషీ పసిపిల్లాడిలా మూలిగేవారు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఆ రోజుల్లోనే ఆసుపత్రి వాళ్ళు తెల్లబండి వేసుకుని వచ్చి, కింద మా బస్తీలో రోమాలకూ పైన ఊళ్ళో గాజోలకూ రక్తం తీశారు. కాలేయం, షుగర్, బీపీ, యూరిక్ ఆసిడ్ ఎవరికెంతుందో పక్కపక్కన పెట్టి చూస్తారట. నేను వరసలో రెండోసారి కూడా నిలబడ్డాను, వాళ్ళ డబ్బాలో ఇంకా ఏమున్నాయో చూద్దామని. నర్సు గుర్తుపట్టి తరిమేసింది.

ఫలితాలు వచ్చాక బావగారిని పట్నం ఆసుపత్రికి పిలిచారు. ఎతెలక్క వెంట నేనూ వెళ్ళాను. నన్ను ఎవరూ పిలవలేదు, కానీ బస్సు అందరిదీ కదా. వరండాలో ఊళ్ళో ట్రాక్టర్ నడిపిన గాజో హుడాక్ కూర్చుని ఉన్నాడు, ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడు మాత్రమే. బావగారూ అలాగే ఉన్నారు.

హుడాక్ వంగి చూశాడు. "ఏమిటయ్యా ఆలదార్, నీ వేలు అచ్చు నా వేలులా ఉందే!"

"నాది కొంచెం అందంగా ఉంది లెండి," అన్నారు బావగారు.

"నాకు కాలేయం మానమన్నారు, బీరు మానమన్నారు. మొన్న మా ఆవిడ కాలేయం వేయిస్తే వద్దన్నాను. మూతి ముడుచుకుని కూర్చుంది."

"తర్వాత?"

"తర్వాతేముంది, అంతే."

"మీకు అంతే హుడాక్ గారూ. నేను వద్దంటే సాయంత్రానికి పోలీసు బండి రావాలి."

నేను పకపకా నవ్వాను. బావగారు నవ్వలేదు.

డాక్టరమ్మ చిన్నది, మాట నిదానం. రక్తంలో యూరిక్ ఆసిడ్ బాగా ఎక్కువైందనీ, అది పంచదార పలుకుల్లా కీళ్ళలో పేరుకుంటోందనీ, వేలు నొప్పి కనబడే సంగతనీ, కనబడని సంగతి కిడ్నీలనీ చెప్పింది. మందు రాసింది. "మందొక్కటే చాలదు. ఈ చలికాలం కూడా ఇలాగే తిన్నారంటే, వచ్చే చలికాలానికి రక్తం కడిగే మిషను పక్కన పడుకోవలసి వస్తుంది," అంది.

"ఇంట్లో నేను చూసుకుంటాను," అంది ఎతెలక్క.

"మరి బయట?"

పొట్లాడుకునేవాళ్ళ బల్లల దగ్గరే ఆయన జీవితం గడిచింది. తినకపోతే ఆయన మాటకు విలువ లేదు. తింటే ఆయనే ఉండరు.

మొదట ఉపాయాలు పన్నారు. మరియమ్మకు మొక్కుకున్నాను, మాంసం ముట్టను అన్నారు. కొన్నాళ్ళు సాగింది. తర్వాత పంపు దగ్గర ఆడవాళ్ళు మొదలుపెట్టారు.

"ఆలదార్ మొక్కు ఇంకా తీరలేదా? ఇలాగైతే ఈస్టరుకు రెక్కలు మొలుస్తాయి!"

"వాళ్ళ తమ్ముడింట్లో ఉపవాసం లేదట, మనింటికొస్తేనే గుర్తొస్తుందట."

ఇది బాండీల ఇంటి బెర్త నోట్లోంచి వచ్చింది. బెర్త మొగుడు కొలొమాన్‌కు అన్నదమ్ములు ఎక్కువ, గొంతు ఇంకా ఎక్కువ. మాట ముదరకముందే బావగారు వాళ్ళింటికెళ్ళి గోయా తిన్నారు. ఆ మర్నాటి నుంచి మంచం దిగలేదు. ఎతెలక్క తడిగుడ్డ మారుస్తూ, "ఇంకో ఇంటి పరువు నిలబెట్టు, నేను విధవరాలి నల్లబట్టలు కుట్టించుకుంటా," అంది.

ఆయన కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టారో లేదో, బాండీల ఇంట్లో పసిబిడ్డకు జ్ఞానస్నానం విందు వచ్చింది. బస్తీ చివర, వాగు పొంగితే ముందు మునిగే చోట, హెర్మీనా కలెయొవా అనే విధవ ఇద్దరు కొడుకులతో ఉంటుంది. వరదలో వాళ్ళ బస్తీ కొట్టుకుపోతే ఇక్కడికి వచ్చారు. వాళ్ళ తాత గుర్రం మాంసం తిన్నాడని ఎవరో అన్నారు. ఎవరన్నారో నేను చాలా ఆరా తీశాను, ఆ నోరు దొరకలేదు. కానీ ఆ ఇంట్లో ఎవరూ తినరు. హెర్మీనా ఆ విందుకు గసగసాల కేకు చేసి తెచ్చింది. బెర్త నవ్వుతూ అందుకుంది. అందరూ చూస్తుండగా పెరట్లోకెళ్ళి కుక్క ముందు వేసింది.

చీకటి పడకముందే రెండిళ్ళకూ కిటికీ అద్దాలు లేవు. హెర్మీనా కొడుకులు గొడ్డళ్ళు తీశారు, కొలొమాన్ తమ్ముళ్ళు పారలు తీశారు. బావగారు కర్ర ఊనుకుంటూ మధ్యలోకి వెళ్ళి నిలబడ్డారు. "ఆదివారం దాకా ఎవరూ కదలకండి. ఆదివారం నేను హెర్మీనా ఇంట్లో కూర్చుంటాను," అన్నారు.

బస్తీ అంతా నోరు తెరిచింది. ఆ ఇంట్లోనా! ఎతెలక్క మాత్రం వాళ్ళ ఇంటి తలుపేసి మొదలుపెట్టింది.

"తింటే ఆసుపత్రి, తినకపోతే శవాలు. ఏం చేస్తావు మనిషీ?"

"నేను వెళ్ళి పేగులూ కాలేయం లేకుండా వండమని హెర్మీనాకు చెప్పి వస్తాను," అన్నాను నేను.

"వద్దు జోలా. ఇదివరకు ఏ ఇంటికీ మనం ముందుగా చెప్పి పంపలేదు. ఆ ఇంటికే పంపితే వాళ్ళ గిన్నెలంటే భయపడ్డామనుకుంటుంది. ఆ మనిషికి తగిలింది చాలు."

"మరి?"

"మరి ఏమో. నాకూ తెలియదు."

ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

ఆదివారం పూజ అయ్యాక బయలుదేరాం. ఎతెలక్కా నేనూ వెనక. కిటికీల నిండా మొహాలే, కిటికీల్లేని ఇళ్ళల్లో అట్టముక్కల పక్కనుంచి కళ్ళు. కొలొమాన్ పెళ్ళాంతో సహా హెర్మీనా వాకిట్లోకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ముసలాయన తింటాడో తినడో చూద్దామని.

గది చిన్నది. నేల ఎంత తోమిందో, చెక్క తెల్లబడింది. క్రిస్మస్‌కు ఉంచుకున్న పందిని హెర్మీనా ముందే కోయించింది, ఆయన కోసమే. బల్ల మీద గోయా, పక్కన కాలేయం, జావ. ఆవిరి మొహాలకు తగులుతోంది. ఆమె కొడుకులు గోడకు ఆనుకుని ఆయన చేతులకేసే చూస్తున్నారు. ఆ వాసనకు నాకే నోరూరింది, ఆయన గతేమిటో మరి.

హెర్మీనా పళ్ళెం నింపి ముందు పెట్టింది. "తిను అన్నా."

బావగారు పళ్ళేన్ని చూశారు. చేయి కదల్లేదు. పెద్దకొడుకు గోడ మీంచి వీపు తీశాడు. వాకిట్లో బెర్త పక్కవాళ్ళ చెవిలో ఏదో ఊదింది.

"హెర్మీనా, నువ్వు నీళ్ళు దేంతో తాగుతావు?" అన్నారు బావగారు.

ఆమెకు అర్థం కాలేదు. బకెట్ పైన మేకుకు వేలాడుతున్న, నీలం పూత వేసిన ఇనుప ముంత వైపు చూసింది. అంచు దగ్గర పూత పెచ్చులు లేచి ఉంది.

"దాంట్లో నాకు నీళ్ళు పొయ్యి."

"అయ్యో, అది మేం తాగేది! చుట్టాలకు గాజు గ్లాసులున్నాయి అన్నా, కడిగి పెట్టాను..."

"నువ్వు తాగేది కాబట్టే అడిగాను."

ఎతెలక్క నా మోచేయి గిల్లింది. పళ్ళెమంటే పొయ్యి మీద ఉడికింది, నిప్పు శుభ్రం చేసింది. ఇంటివాళ్ళ ముంత అలా కాదు. పెదవుల మీంచి పెదవుల మీదికి వెళ్ళేది. దాన్ని మొగుడికిస్తాం, పిల్లలకిస్తాం, ఇంకెవరికీ ఇవ్వం. నా ముంతతో మా సొంత వదిన కూడా తాగదు.

హెర్మీనా మేకు నుంచి ముంత తీసి నిండా ముంచి తెచ్చింది. బావగారు రెండు చేతులతో అందుకుని అంచుకు నోరు ఆన్చి తాగారు. గొంతు కదలడం వాకిట్లోకి కూడా కనబడింది. ఖాళీ ముంత మళ్ళీ చాపి, "ఇంకా," అన్నారు. అదీ తాగారు.

అప్పుడు బూటు విప్పి కాలు ముందుకు చాపారు. "నా రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరిగింది. ఈ గోయా తింటే ఈ వేలు నన్ను పడుకోబెడుతుంది, తర్వాత కిడ్నీలు పూర్తిగా పడుకోబెడతాయి. మరియమ్మ మొక్కూ లేదు, ఏమీ లేదు. మీ అందరికీ చెప్పడానికి సిగ్గుపడ్డాను. హెర్మీనా, నీ పళ్ళెం వద్దన్నది నా కాలు. నా నోరు నీ ముంతలో ఉంది." తర్వాత గుమ్మం వైపు తిరిగి, "కొలొమాన్, లోపలికి రా. ఇందులోనే తాగు," అన్నారు.

కొలొమాన్ మొహం చూడాలి! తాగనంటే ఇప్పుడు మైలపడేది హెర్మీనా కాదు, ఆలదార్ బావగారు. నిన్నటిదాకా తన ఇంట్లో తిన్న పెద్దమనిషి మైలైతే తన ఇల్లూ మైలే. లోపలికొచ్చాడు. ముంత అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు, గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకోలేదు కూడా.

"బెర్తా, నువ్వూ రా," అన్నారు బావగారు. "నాకు కాళ్ళ జబ్బు, నీకు లేదుగా. నా పళ్ళెం నువ్వు తిను."

బెర్త కూర్చుంది. మొదటి ముక్క మందు మింగినట్టు మింగింది. రెండోది మామూలుగా తింది. మూడోదానికి, "మార్జోరం ఎంత వేశావమ్మా?" అని హెర్మీనాను అడిగింది. వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఎతెలక్క కూడా ఒక ముక్క తీసుకుని చాలాసేపు నమిలి, "బాగుంది. మార్జోరం కొంచెం ఎక్కువైంది," అంది. మా అక్కను ఎరిగినవాళ్ళకు తెలుసు, అంతకంటే పెద్ద మెప్పు ఆమె నోట రాదు. హెర్మీనా అప్పుడు ఏడ్చింది. కొడుకులు బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు. రెండిళ్ళ అద్దాలూ రెండిళ్ళ మగవాళ్ళే కలిసి బిగించారు.

ఆ తర్వాత మా బస్తీలో ఒక సంగతి మారింది. షుగరున్నవాళ్ళూ బీపీ ఉన్నవాళ్ళూ ఇన్నాళ్ళూ మొహమాటానికి తిని ఇంటికొచ్చి పడిపోయేవారు. ఇప్పుడు గడపలోనే, "నాకు పళ్ళెం వద్దు వదినా, నీ ముంతలో నీళ్ళివ్వు," అంటున్నారు. కోపం తెచ్చుకోవడానికి ఎవరికీ వీల్లేదు, ఎందుకంటే అడిగింది పళ్ళెం కంటే పెద్దది. మా మనుషులు ఇది ఏ డాక్టరూ చెప్పకుండా తమంతట తామే పట్టుకున్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగితే పెరగనీ.

మళ్ళీ రక్తం చూసినప్పుడు యూరిక్ ఆసిడ్ దిగింది, కిడ్నీలు ఉన్నచోటే నిలబడ్డాయి. డాక్టరమ్మ కాగితం నుంచి తలెత్తి, "నీళ్ళు బాగా తాగుతున్నట్టున్నారు. అదే కావాలి. రోజుకు ఎన్ని గ్లాసులు?" అని అడిగింది.

"బస్తీలో ఎన్ని తగాదాలుంటే అన్ని," అన్నారు బావగారు.

ఆమెకు అర్థం కాలేదు. నేను మొత్తం చెప్పడం మొదలుపెట్టాను. బయట వరసలో ఉన్న హుడాక్ తలుపు తోసి, "జోలా, నేనూ రోగినే!" అని అరిచేదాకా చెప్పాను.

మొన్న కొండ అవతలి బస్తీ నుంచి బావగారికి కబురొచ్చింది, ఇద్దరన్నదమ్ములు కట్టెల కోసం కత్తులు తీశారని. కర్ర లేకుండా నడిచారు, ఎత్తు దగ్గర నేనే వెనకబడ్డాను. అక్కడ ఆయన మొహం ఎరిగినవాళ్ళు లేరు. పెద్దన్న ఇంటి గడప దగ్గర టోపీ తీశారు. ఇంటావిడ గిన్నె మూత తీయబోతూ ఆగి, ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ముంతతో తాగే పెద్దాయన మీరేనా?"

బావగారు తలూపారు. ఆమె మూత వదిలేసి బకెట్ దగ్గరకెళ్ళి తన ముంత తీసింది. మొగుడి వైపు తిరిగి, "కుర్చీ వెయ్యి, చూస్తావేం!" అంది. బావగారు నీళ్ళు తాగి, మీసం తుడుచుకుని, "ఇప్పుడు చెప్పు నాయనా, కట్టెల సంగతేమిటి?" అన్నారు.