అర మెట్టు పైకి

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని సంగతి తెలిసినవాడు ఇప్పుడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. అతను ఎవరికీ చెప్పొద్దన్నాడు. అయినా మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే.

బ్యాండ్ పేరు చెప్పను. చెబితే ఢిల్లీలో నా ఈడు వాళ్ళు కొందరు వెంటనే గుర్తుపడతారు. అప్పట్లో ఊళ్ళో పేరున్న నాలుగు రాక్ బ్యాండ్లలోంచి మంచివాళ్ళను ఏరి కట్టిన బ్యాండ్ అది. సూపర్‌గ్రూప్ అని ముందు మమ్మల్ని మేమే పిలుచుకున్నాం, తర్వాత పత్రికలవాళ్ళూ అలాగే రాశారు. గిటార్ హర్‌ప్రీత్. పాట శేఖర్. ఇద్దరివీ అసలు పేర్లు కావు. నేను కీబోర్డు.

ఏరిన వాళ్ళలో నేనూ ఒకణ్ణని ఇంతకాలం ఇంటర్వ్యూల్లో చెప్పుకుంటూ వచ్చాను. నన్నెవరూ ఏరలేదు. మా నాన్నగారికి సరోజినీ నగర్‌లో ప్రభుత్వ క్వార్టర్ ఉండేది, దాని వెనక ఖాళీ గ్యారేజీ. ప్రాక్టీసుకు చోటు కావలసి వచ్చింది. చోటుతో పాటు నేనూ వచ్చాను. ఈ మాట ఎవరూ నా మొహం మీద అనలేదు. నేనే అనుకునేవాణ్ణి, గ్యారేజీ తాళం తీసిన ప్రతిసారీ.

శేఖర్‌ది అనకాపల్లి. ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చాడు. బ్యాండ్‌లో తెలుగువాళ్ళం మేమిద్దరమే. మిగతావాళ్ళకు అర్థం కాకుండా ఏదైనా చెప్పుకోవాలంటే తెలుగులో చెప్పుకునేవాళ్ళం. అందుకే నన్ను అంత నమ్మాడేమో. వాడి గొంతు గురించి ఎలా చెప్పను? హిందీ పాడినా ఇంగ్లీషు పాడినా, పెద్ద గోలలోంచి కూడా ఆ గొంతు నేరుగా మన దగ్గరికి వచ్చేది. నాకు అసూయ ఉండేదా? ఉండేది. కానీ అసూయ వల్ల చేశానని చెబితే నన్ను నేను కాస్త గొప్పవాణ్ణి చేసుకున్నట్టే. భయం వల్ల చేశాను.

ఒక రోజు ప్రాక్టీసులో కొత్త పాట ఎంతకీ కుదరడం లేదు. "ఒకసారి కీబోర్డు లేకుండా చూద్దామా?" అన్నాడు శేఖర్. చూశారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాట బాగా వచ్చింది. ముందుకంటే ఎంతో బాగా వచ్చింది. డ్రమ్స్ వాయించే అబ్బాయి నవ్వుతూ నా వైపు చూసి వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఆ వారంలోనే, రెండో గిటార్ కోసం ఎవరినో వెతుకుతున్నారని హర్‌ప్రీత్ మాటల్లో దొర్లింది. ఇక నాకు అన్నం సయించలేదు. నన్ను తీసేస్తారు. ఎప్పుడు తీసేస్తారు? గ్యారేజీ ఉంది కాబట్టి మొహమాటపడుతున్నారా? ఎవరైనా ఫోను చేస్తే చాలు, అందుకేనేమో అనుకునేవాణ్ణి.

అప్పుడొచ్చింది ఆ కాలేజీ ఫెస్ట్. మా ఆల్బమ్ తీస్తామన్న కంపెనీవాళ్ళు బొంబాయి నుంచి మమ్మల్ని వినడానికి వచ్చారు. మొదటి పాట శేఖర్ కట్టిందే. నేనొక్కణ్ణే మొదలుపెట్టాలి. నా వాయింపు విని శేఖర్ శ్రుతి అందుకుంటాడు. మొదటి చరణం దాకా మేమిద్దరమే. వాడు చివరి మాటను సాగదీసి పట్టుకుని ఉండగా గిటార్లూ డ్రమ్సూ ఒక్కసారిగా వచ్చి కలుస్తాయి.

కీబోర్డు మీద శ్రుతి మార్చే చిన్న బటన్ ఒకటి ఉంటుంది. ఒకసారి నొక్కితే అన్ని స్వరాలూ అర మెట్టు పైకి జరుగుతాయి. వేళ్ళు మామూలు చోటే ఉంటాయి, చూసేవాళ్ళకు ఏమీ తెలియదు.

నొక్కాను.

ఎప్పుడు నిర్ణయించుకున్నాను? ముందు రోజా? స్టేజి ఎక్కుతుండగానా? ఈ ప్రశ్న వేసుకున్న ప్రతిసారీ కొత్త జవాబు దొరుకుతుంది, ప్రతి జవాబూ నన్ను కొంచెం కాపాడేలాగే ఉంటుంది, కాబట్టి ఏదీ నమ్మను. శేఖర్ కళ్ళు మూసుకుని నా శ్రుతి అందుకున్నాడు. చరణం అద్భుతంగా పాడాడు. చివరి మాట సాగదీస్తుండగా నేను బటన్‌ను మళ్ళీ మామూలుకు తెచ్చేశాను. గిటార్లు వచ్చాయి. వాడి గొంతు ఒక చోట, మేమంతా ఇంకో చోట. మైదానం మొత్తానికి వినిపించింది. వాడు కళ్ళు తెరిచాడు. సర్దుకోబోయాడు, ఇంకా తప్పింది. ఎవరో ఈల వేశారు, తర్వాత చాలామంది వేశారు. హర్‌ప్రీత్ వాడి వైపు కొట్టేటట్టు చూశాడు. శేఖర్ మాత్రం నా వైపు చూశాడు, సాయం అడుగుతున్నట్టు.

అంతటితో ఆగి ఉంటే ఒక కుర్రవాడి దుర్మార్గమని ఎప్పటికో మర్చిపోయి ఉండేవాణ్ణేమో. ఆగలేదు. తర్వాత ప్రాక్టీసుల్లో వాడు ప్రతి స్వరానికీ తడుముకోవడం మొదలుపెట్టాడు. పాడుతూ మధ్యలో ఆపి "కరెక్టేనా?" అని అడిగేవాడు. తన చెవిలో ఏదో పాడైందని నమ్మాడు. చెవుల డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నది నన్నే. వెళ్ళాను. పరీక్ష చేసినంతసేపూ బయట బెంచీ మీద కూర్చున్నాను. చెవులు రెండూ శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పాడట. ఆ మాట విన్నవాడు సంతోషించాలి. శేఖర్ మొహం పాలిపోయి బయటికి వచ్చాడు.

"చెవుల్లో ఏటీ లేదంటరా. అయితే తలకాయలోనే ఏదో ఉన్నట్టు."

బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాను.

"ఒరేయ్, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు నువ్వు సరైన శ్రుతిలోనే ఎత్తుకున్నావా?"

"అదే శ్రుతిరా. ఎప్పుడూ వాయించేదే."

"అయితే నేనే తప్పానంటావు."

"అవున్రా. నువ్వే తప్పావు."

తల ఊపాడు. నా భుజం తట్టాడు కూడా. నిజం చెప్పినందుకు.

తర్వాతి వారం గ్యారేజీకి వచ్చి ఇక పాడనన్నాడు. అందరూ ఆపబోయారు. అందరికంటే గట్టిగా ఆపింది నేను.

ఆ తర్వాతి చరిత్ర పత్రికల్లో వచ్చిందే. శేఖర్ పాట ఇంకో గొంతుతో ఆల్బమ్‌లో వచ్చింది, అందరికీ నచ్చింది. ఆ గాయకుడు బొంబాయి వెళ్ళిపోయాడు. తర్వాత ఒకమ్మాయి చాలాకాలం పాడింది. డ్రమ్స్‌వాళ్ళు మారారు, బాస్ గిటార్‌వాళ్ళు మారారు, ఒకసారి హర్‌ప్రీత్ కూడా అలిగి వెళ్ళి తిరిగొచ్చాడు. మొదటి నుంచి ఒక్కసారి కూడా వదలనిది నేనొక్కణ్ణే. మనుషులు మారినా బ్యాండ్‌ని నిలబెట్టినవాడినని రాశారు. ఆ కాగితం ముక్కలు మా ఆవిడ దాచింది. నేను చూడను.

ఈ మధ్య ఒకమ్మాయి మా బ్యాండ్ చరిత్రను పాడ్‌కాస్ట్‌గా చేస్తానని జనక్‌పురిలో మా ఇంటికి వచ్చింది. మొదటి సింగర్ ఎందుకు మానేశాడని అడిగింది. "చెవి సమస్య, పాపం. మేమంతా చాలా చెప్పి చూశాం," అన్నాను. ఎన్నోసార్లు చెప్పిన మాటే, గొంతు కూడా తడబడలేదు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "సర్, ఆయన వైశాలిలో ఉన్నారట, దొరికారు. ఇద్దర్నీ ఒకేసారి కూర్చోబెట్టి మాట్లాడిస్తాను," అంది.

ఆ రోజు నుంచి ఫోను మోగితే చాలు, ఆ అమ్మాయేనేమోనని మా ఆవిడ చేత ఎత్తించేవాణ్ణి. వాడికేమైనా అనుమానం ఉందా? మైకు ముందు మళ్ళీ అదే ప్రశ్న వేస్తే? నేను మళ్ళీ అదే జవాబు చెబుతానా? చెబుతానని నాకు తెలుసు. నాకు అన్నిటికంటే భయం వేసింది అందుకే.

ఆ అమ్మాయి కంటే ముందు నేనే వెళ్ళాలనుకున్నాను. మెట్రో ఎక్కాను. జనక్‌పురి నుంచి వైశాలికి ఒకే లైను. యమునా బ్యాంక్ స్టేషన్‌లో తలుపులు తెరుచుకున్నప్పుడు దిగిపోబోయాను. ఎక్కేవాళ్ళు తోసుకు రావడంతో లోపలే ఉండిపోయాను. అది కూడా నా ధైర్యం కాదు.

శేఖర్ జుట్టు నెరిసింది. నన్ను చూసి వాటేసుకున్నాడు. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అన్నాడు. పక్కగదిలో వాళ్ళమ్మాయి సంగీతం సాధన చేస్తోంది. తండ్రి గొంతే, సందేహం లేదు. ఒక చోట ఆగి తలుపు దగ్గరికి వచ్చింది. "పాపా, ఠీక్ గాయా?" అంది. నాన్నా, సరిగ్గా పాడానా అని.

"మీ టీచర్ని అడగమ్మా," అన్నాడు.

ఆ పిల్ల చాలా బాగా పాడింది. ఒక్క స్వరం కూడా పక్కకు పోలేదు. ఎందుకలా అన్నావని అడిగాను. "నా చెవిని నమ్మి దానికేటి చెప్పమంటావు? నీకు తెల్దా?" అని నవ్వాడు.

బాల్కనీలోకి తీసుకెళ్ళి చెప్పాను. బటన్ సంగతి చెప్పాను. రెండుసార్లు నొక్కానని చెప్పాను. ఎందుకు నొక్కానో, అందరి కళ్ళూ వాడి తప్పు మీదికి పోతే నన్ను తీసేసే సంగతి మరుగున పడుతుందనుకున్నానని కూడా చెప్పబోయాను, చేత్తో ఆపాడు. కింద కూరగాయల బండి భయ్యా ఏదో అరుస్తున్నాడు. శేఖర్ ఆ బండి వైపే చాలాసేపు చూశాడు.

"డాక్టరు దగ్గరికి కూడా వచ్చావు కదరా," అన్నాడు చివరికి.

అందరికీ చెబుతానని, పాడ్‌కాస్ట్‌లో నా నోటితోనే చెబుతానని అన్నాను. అది విన్నాక వాడికి కోపం వచ్చింది.

"చెప్పకు. ఎవరికీ చెప్పకు. చెవి పోయినోడిగా ఇన్నాళ్ళు బతికాను, నా పెళ్ళాం పిల్లకి అలాగే తెలుసు. ఇప్పుడు ఎదవలా మోసపోయినోడిగా బతకమంటావా? నీకు బరువు దిగాలంటే ఇంకెక్కడైనా దింపుకో."

లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళావిడ టీ తెచ్చింది. "మీ గురించి ఎప్పుడూ చెప్తుంటారు, అన్నయ్యగారూ," అంది. తాగాను. అతను మళ్ళీ బయటికి రాలేదు. "పాపా సో గయే, అంకుల్," అంది వాళ్ళమ్మాయి ఇబ్బందిగా. పట్టపగలు నిద్రపోయాడట.

పాడ్‌కాస్ట్‌కి ఇద్దరం రామని చెప్పేశాను. హర్‌ప్రీత్‌కి ఇక వాయించనని చెప్పాను. ఎందుకని ఒకసారి అడిగాడు, అంతే. కొత్త కుర్రాణ్ణి చూసుకున్నాడు, బాగా వాయిస్తాడట. బ్యాండ్ నడుస్తోంది.

ఇది రాయడం కూడా వాడి మాట తప్పడమేనా? పేర్లు మార్చాను, ఊళ్ళు మార్చలేదు. రేపు ఎవరైనా పోల్చుకుంటే వాడికి రెండోసారి అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. రాయకుండా ఉండలేకపోయాను. ఇదీ భయమేనేమో, అలాగే చచ్చిపోతానన్న భయం. క్షమించమని వాణ్ణి అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు చదివేలా రాసి ఉండాలి. ఇప్పుడు రాస్తున్నాను.

శేఖర్ శ్రుతి తప్పలేదు. ఆ రోజు మైదానంలో నేనిచ్చిన శ్రుతికి నిలబడినవాడు అతనొక్కడే.