కళ్లు పెట్టే పని బాపుదే

పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన ఏడు నిర్మల్‌లో మా ఇంటి వెనక గదిలో కదిలే బొమ్మల సినిమా తీశాం. ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు. అప్పుడు మాకు నవ్వు రాలేదు, నాకైతే అన్నం కూడా సహించలేదు.

మాది కొయ్యబొమ్మలకు రంగులు వేసే ఇల్లు. అన్న బొంబాయి పోయి, సినిమాహాళ్లలో వేసే ప్రకటనలకు బొమ్మలు గీసే చోట నాలుగేళ్లు పనిచేసి, ఒక పాత కెమెరాతో తిరిగొచ్చాడు. బొమ్మలు ఆరబెట్టే గదిలో టేకు చట్రం కట్టి, కెమెరాను కిందికి చూసేలా బిగించి, దానికి స్టూడియో అని పేరు కూడా పెట్టుకున్నాడు. రెండేళ్లు ఎవరూ పని ఇవ్వలేదు. యుద్ధం మొదలయ్యాక సర్కారు ప్రచార పనులు చూసే ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చి, విమానాలొస్తే ఇళ్లలో దీపాలు ఎలా ఆర్పాలో చూపించే అర నిమిషం సినిమా అడిగాడు. అర నిమిషమంటే మూడు వందల అరవై బొమ్మలు. చేతికిచ్చిన రీలు మాత్రం ఒక్కటే.

"జర జాగ్రత్త. ఖరాబైతే ఇంకోటి దొరకది, లడాయి నడుస్తుంది," అన్నాడు ఆఫీసరు.

అది చెడితే గదికి తాళం వేసి మళ్లీ కొయ్య పక్షుల ముందు కూర్చోవడమేనని అన్న నాతో అన్నాడు.

గీయడానికి అవతలిది కనిపించే పల్చని రేకులు కావాలి. బొంబాయి నుంచి అవి రావడం ఆగిపోయింది. అన్న పెద్ద దవాఖానలో పారేసే ఎక్స్‌రే ఫిల్ములు మూట కట్టి తెచ్చాడు. వేడినీళ్లలో సోడా వేసి నేను కడిగాను. ఎంత తోమినా కొన్నింటిలో ఎవరివో పక్కటెముకలు లీలగా మిగిలాయి. యుద్ధం తొందరగా ఆగాలని పొద్దున దేవుడికి మొక్కేదాన్ని, మా సినిమా అయ్యేదాకా ఆగొద్దని మధ్యాహ్నం అనుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం.

కథ చిన్నదే. ఒకామె సైరన్ విని, కిటికీకి నల్లగుడ్డ కట్టి, దీపం ఆర్పుతుంది. అన్న గీతలు గీశాడు, నేను రంగులు నింపాను. ముఖాలన్నీ కళ్లు లేకుండా ఉంచాం. మా ఇంట్లో ఏ బొమ్మకైనా కళ్లు చివరన, ఇంటి పెద్దే పెట్టాలి. అదీ స్నానం చేసి, ఎవరితో మాట్లాడకుండా. ఇది సినిమా కాబట్టి తనే పెడతానన్నాడు అన్న. బాపు, అంటే మా నాన్న, ఒప్పుకోలేదు.

"కండ్లు నేనే పెడుత. నేను బతికుండంగ ఇంకొకరు పెట్టుడేంది?"

అప్పుడే నేను నోరు విప్పాల్సింది. ఏడాదిగా బాపు కళ్లకు పొర కమ్ముతున్న సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. రంగు గిన్నెలు ఎప్పుడూ ఒకే వరసలో పెట్టేదాన్ని, వరస తప్పితే ఆయన తడబడతాడని. కొయ్యబొమ్మకైతే వేలితో ముక్కు తడుముకొని కళ్లు పెట్టేవాడు. రేకు మీద తడమడానికి ముక్కు ఎక్కడుంది? అయినా నేను చెప్పలేదు. చెబితే ఆయన చేతిలో కుంచె ఉండదు.

రేకును ముఖానికి ఆనించుకుంటూ ఆరు రోజులు కూర్చున్నాడు. ఒక్కొక్క బొమ్మ విడిగా చూస్తే తప్పు పట్టడానికి లేదు. ఏడో రోజు అన్న దొంతర పట్టుకొని బొటనవేలితో గబగబా వదిలి చూశాడు. ఆమె చేతులు చక్కగా కదిలాయి. కళ్లు మాత్రం వణికాయి. ఒకదాంట్లో వెంట్రుకవాసి పైకి, మరొకదాంట్లో వెంట్రుకవాసి పక్కకి. అన్న నా ముఖం చూసి అంతా గ్రహించాడు.

"నీకు ఎర్కనేనా? ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. రెండు రోజుల్ల అన్ని తుడిచి కండ్లు నువ్వే మళ్ల పెట్టు. బాపుకు చెప్పకు."

తడిగుడ్డ పట్టుకొని ఒక బొమ్మ తుడిచాను. అవతలి గదిలో బాపు, చాలా రోజుల తర్వాత, కూనిరాగం తీస్తున్నాడు. రెండోది తుడవడానికి చేయి రాలేదు. తుడిచినదానికి నేనే కళ్లు పెట్టి, రంగు పట్టేసిందనీ తుడిస్తే రేకులన్నీ మరకలవుతాయనీ అన్నకు అబద్ధం చెప్పాను. అన్న కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి, చివరికి వాటినే కెమెరా కింద పెట్టాడు.

రీలు కడగడానికి బస్సులో హైదరాబాదు పోయింది. అది తిరిగొచ్చేదాకా జీపు చప్పుడు వింటే చాలు, చేస్తున్న పని వదిలేసి వాకిట్లోకి పోయి చూసేదాన్ని. అన్న కష్టాన్ని నేనే గంగలో కలిపానని భయం.

మా ఊరి సినిమాహాల్లో మాట్నీకి ముందు వేశారు. అన్న లోపల ఉండలేక బయటికి పోయాడు. నేను బాపు పక్కన కూర్చొని కొంగు పళ్లతో పట్టుకున్నాను. తెర మీద ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్లు వణుకుతూ ఇటూ అటూ చూస్తున్నాయి. ఎవరు నవ్వుతారా అని చూశాను. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలామె, "అయ్యో బిడ్డా, ఎంత భయపడుతుందో సూడుండ్రి" అని పైకే అంది. వెనక వరసలో కూర్చున్న ఆఫీసరు మళ్లీ వేయమని మెషిన్ గదికి కబురు పంపి, దీన్ని ఊరూరా తిప్పుతానన్నాడు.

రెండోసారి మొదలైంది. బాపు తెరవైపే ముఖం పెట్టి, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆమె ఎటు చూస్తుంది బిడ్డా?"

"మన దిక్కే, బాపు."

ఆట అయ్యాక మెట్లు దిగడానికి, మొదటిసారి, బాపే నా చేయి అడిగాడు.