పెండ్లాం పేరు అడిగిన డాక్టరు

నంద్యాల డాక్టరు ఒకాయన నా భార్య పేరు నా చేతే వార్డంతా వినేలా పదేపదే చెప్పించాడు. పెండ్లాం పేరు పైకి పలకడం మా ఆళ్లగడ్డ వైపు మగవాడికి ఎంత తలవంపో ఆయనకూ తెలుసు. డెబ్బైల్లో ఎద్దు తన్నితే తల బండకు కొట్టుకుని నంద్యాల ఆసుపత్రిలో చేరాను. డాక్టరు వచ్చినప్పుడల్లా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి అదే ప్రశ్న.

"నీ పెండ్లాం పేరేందప్పా?"

"మరియమ్మ" అని గొణిగితే "గట్టిగా" అనేవాడు. వార్డు పకపక నవ్వేది. "ఇంకోసారి చెప్పు బావా" అని బావమరిది ఎగదోసేవాడు. మంచం పక్కనే కూర్చున్న మరియమ్మ కొంగులో ముఖం దాచుకుని నవ్వేది.

ఇంటికి పంపే రోజు, నా పరువెందుకు తీశావని ఆయన్ను నిలదీశాను.

"ఎద్దు తన్నింది ఒకసారేనప్పా. ఆ దెబ్బను సర్దేకి మెదడులోని కాపలా కణాలు గుంపుగా వచ్చి, అవే వాపు తెస్తాయి. వాపు ముదిరితే మనిషి మత్తులోకి పోతాడు, ఇంక సిగ్గూ తెలీదు. నువ్వు సిగ్గుపడినప్పుడల్లా నేను నిమ్మళంగా పోయి కాఫీ తాగినా."